కాలేయం క్రయోసెక్షన్లలో చిల్లులు ఇలా పోయాయి: నా అనుభవం

ఎలుక కాలేయాన్ని టొకుయాసు పద్ధతిలో (కణజాలంలో సుక్రోజ్ ఇంకించి, గడ్డకట్టించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం పలుచని పొరలుగా, అంటే క్రయోసెక్షన్లుగా తీసే పద్ధతి) కోసినప్పుడు కణాల్లో జల్లెడలా చిల్లులు కనిపిస్తే, తప్పు కత్తిది కాదు. సుక్రోజ్ లోపలిదాకా ఇంకలేదు, మిగిలిన నీరు మంచు స్ఫటికాలైంది. ఫిక్స్ చేసిన (రసాయనాలతో స్థిరపరచిన) కణజాలాన్ని 0.5 మి.మీ. ముక్కలుగా తరిగి, 2.3 మోలార్ సుక్రోజ్‌లో 4 డిగ్రీల వద్ద రాత్రంతా తిప్పుతూ ఉంచడం మొదలుపెట్టాక చిల్లులు పోయాయి. తేలుతున్న ముక్కను మాత్రం పిన్ను (కోసేటప్పుడు ముక్కను పట్టి ఉంచే చిన్న లోహపు ఆధారం) మీద పెట్టకండి, మునిగేదాకా ఆగాల్సిందే. అదనపు సుక్రోజ్‌ను ఫిల్టర్ పేపర్‌తో తీసేసి ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి.

మైనస్ 120 డిగ్రీల వద్ద 70 నానోమీటర్ల సెక్షన్లు బాగానే వస్తాయి. వాటిని కత్తి మీద నుంచి ఎత్తడంలోనే చిక్కు: ఉత్త సుక్రోజ్ చుక్కతో ఎత్తితే, కరిగేటప్పుడు తలతన్యత లాగేసి పొరలు సాగిపోతాయి. 2 శాతం మిథైల్‌సెల్యులోజ్ (ద్రావణాన్ని చిక్కబరిచే పదార్థం), 2.3 మోలార్ సుక్రోజ్ సమపాళ్లలో కలిపి వాడండి. చుక్క పూర్తిగా గడ్డకట్టకముందే సెక్షన్‌ను తాకాలి, ఆలస్యమైతే అంటుకోదు.