కీమో ముందు గుండె కోసం కషాయమా? ముందు ఎకో తీయించండి

మా పెద్దమ్మకు కీమో తేదీ ఖాయమైన వారంలోపే నల్గొండలో వాళ్ల ఇంట్లో టీవీ పక్కన గూడు నిండిపోయింది. పసుపు సారం క్యాప్సూళ్లు, తిప్పతీగ రసం సీసా, ద్రాక్ష గింజల పొడి, పాలమూరు నుంచి చుట్టాలు తెచ్చిన ఎండు సీతాఫలం ఆకుల మూట. అన్నీ ప్రేమతో తెచ్చినవే. "ఎర్ర మందు గుండెను ఖరాబు చేస్తదట, ఇవి కాపాడ్తయి" అని అందరిదీ ఒకటే మాట. అందులో సగం నిజం ఉంది. ప్రమాదమంతా ఆ సగంతోనే.

ఎర్ర మందు అంటే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు. అది గుండె కండరంలో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. వాటిని తట్టుకునే శక్తి గుండె కణాలకు తక్కువ, చచ్చిన కణాల చోట కొత్తవి దాదాపు రావు. అందుకే శాస్త్రవేత్తలు పసుపులోని కర్‌క్యుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్‌ను ఎలుకలకు ఇచ్చి చూశారు. గుండెకు దెబ్బ తగ్గింది. కానీ మనుషుల్లో విటమిన్ ఇ లాంటి యాంటీఆక్సిడెంట్లను, అంటే ఫ్రీ రాడికల్స్‌ను అణచేవాటిని, పరీక్షించినప్పుడు ఆ మేలు కనబడలేదు.

పైగా గుండెను కాచేది క్యాన్సర్ గడ్డనూ కాచవచ్చు. అమెరికాలో 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలతో 2020లో ఒక అధ్యయనం అచ్చయింది. కీమోకు ముందు, కీమో నడుస్తున్నప్పుడు యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అదే తుది రుజువు కాదు. కానీ మా ఇంట్లో ఆ క్యాప్సూళ్ల డబ్బాకు మూత పెట్టించడానికి నాకు అది చాలు. తిప్పతీగతో కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు మన దేశపు డాక్టర్లే రాశారు. కీమో మందుల్లో చాలావాటిని అరాయించేది ఆ లివరే.

కూరలో చిటికెడు పసుపు వేరు, ఒంటికి ఎక్కువ పట్టాలని మిరియాల సారం కలిపిన క్యాప్సూల్ వేరు. పసుపులో కర్‌క్యుమిన్ వందకు మూడు పాళ్లే ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. ఉల్లిగడ్డ, పాలకూర, ఉసిరి తొక్కు అన్నంలో ఎప్పటిలాగే తినండి. మన బత్తాయి కూడా మంచిదే, అయితే కడిగి ఇంట్లో పిండుకోండి. రక్తంలో తెల్ల కణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ తొందరగా సోకే రోజుల్లో రోడ్డు పక్క జ్యూస్, పచ్చి గోధుమ గడ్డి రసం వద్దు. పంపరపనస కొన్ని మందుల మోతాదును తారుమారు చేస్తుంది, అడగకుండా తినొద్దు. సీతాఫలం పండు తినొచ్చు, ఆకు కషాయం వద్దు.

మేము చేసిన మంచి పని ఒకటుంది. గూట్లోవన్నీ ఒక సంచిలో వేసుకుని హైదరాబాద్ తీసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టాం. మీరూ దాచకండి. తిడతారని టెన్షన్ పడొద్దు, వాళ్లకు తెలియకపోతేనే కష్టం.

గుండెకు అసలు కాపలా అక్కడే ఉంది. మొదటి కీమోకు ముందే టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీయించి, గుండె పంపింగ్ ఎంత శాతమో కాగితం మీద రాయించుకోండి. తర్వాత తగ్గిందో లేదో పోల్చేది దానితోనే. ఎర్ర మందు ఇప్పటికి మొత్తం ఎంత ఎక్కిందో ప్రతిసారీ ఫైల్లో రాయించండి. ఒంటి వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు మొత్తం 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా ఇచ్చే నాలుగు సైకిళ్లకు (విడతలకు) అది 240 అవుతుంది. ఇంతకుముందు ఇంకో ఆస్పత్రిలో ఎక్కించుకుని ఉంటే ఆ లెక్కా కలవాలి, అందుకే పాత కాగితాలు పారేయొద్దు. మోతాదు ఎక్కువయ్యే వాళ్లకు డెక్స్‌రాజోక్సేన్ అనే ఇంజెక్షన్ ఉంది, గుండెను కాపాడుతుందని మనుషుల్లో తేలిన మందు అది. మీకు అవసరమా అని అడగండి. బీపీ, షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు.

మందు ఎక్కిన రోజు, మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. మా పెద్దమ్మ రక్తం అనుకుని బాత్రూంలోనే కూర్చుని ఏడ్చింది. అది మందు రంగు. రెండు రోజులు దాటినా పోకపోతే చెప్పాలి. మెట్లెక్కితే దమ్ము రావడం, పాదాలు వాచి చెప్పు పట్టకపోవడం, రాత్రి ఇంకో దిండు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోవడం మాత్రం నీరసం అనుకుని వదిలేయకండి. తర్వాతి కీమో తేదీ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. కీమో అయిపోయిన ఏళ్ల తర్వాత కూడా ఇవి రావచ్చు. అప్పుడు కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఎర్ర మందు ఎక్కించుకున్న సంగతి ముందే చెప్పండి.