ప్రొడక్షన్ మేనేజర్‌గా తొలి షెడ్యూలు ఒప్పుకునే ముందు

హైదరాబాద్‌లో సినిమా ప్రొడక్షన్ మేనేజర్‌గా స్థిరపడాలనుకునేవారు జీతం సంగతి మాట్లాడే ముందు, ఎంత ఖర్చు వరకు తమ సంతకం చెల్లుతుందో, అంతకు మించితే ఎవరి అనుమతి కావాలో నిర్మాత నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ రంగంలో నోటిమాటకు గౌరవం ఎక్కువే గాని, లెక్కలు తేల్చే రోజున అది అక్కరకు రాదు.

కార్మిక సంఘాలతో కుదిరిన వేతనాలు, పనివేళలు, బేటాల (రోజువారీ భత్యాల) తాజా ఒప్పందం చేతిలో లేకుండా బడ్జెట్ వేయరాదు. 2025 ఆగస్టు నాటి తెలుగు సినీ కార్మికుల సమ్మె తర్వాత వేతనాలు పెరిగాయి గనుక, పాత సినిమాల లెక్కలను నమ్ముకోవడం ప్రమాదకరం.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నటించే సన్నివేశాలుంటే మరింత జాగ్రత్త అవసరం. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందుగానే పొందాలి. రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి వారితో పనిచేయించరాదు. వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కాల్‌షీట్ (ఎవరు ఏ వేళకు రావాలో తెలిపే ఆ రోజు పట్టిక) వేసేటప్పుడు మేకప్‌కు, లైటింగ్ కోసం నిరీక్షణకు పట్టే సమయాన్ని లెక్కించకపోతే, మొదటి షాట్ తీయకముందే ఆ గంటలు కరిగిపోతాయి.

జంతువులుంటే జంతు సంక్షేమ మండలి అనుమతి, డ్రోన్ ఉంటే ఆ ప్రాంతపు గగనతల ఆంక్షలు చూసుకోవాలి.

ఔట్‌డోర్‌కు వెళ్లే ముందు దగ్గరలోని ఆసుపత్రిని గుర్తించి, వర్షం పడితే తీయదగిన ఇండోర్ సన్నివేశాన్ని దర్శకుడితో ఖరారు చేసుకోవాలి. చిల్లర ఖర్చుల వోచర్లు ఏ రోజువి ఆ రాత్రే రాయించాలి.