కమ్యూనిటీ కాలేజీలో లింక్డ్ కోర్సులు: ఒక సెమిస్టర్ దాటినవాళ్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా గట్టెక్కాలి?

పోయిన ఆగస్టులో మా కింది ఫ్లాట్ వాళ్లబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని పైకి వచ్చాడు. "అక్కా, స్టాటిస్టిక్స్ యాడ్ చేస్తుంటే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కూడా తీసుకుంటేనే ఇస్తానంటోంది. ఇదేంటి, కాంబో ఆఫరా?" అన్నాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. నేను నవ్వాను కానీ, వాడు అన్నది మరీ తప్పు కాదు. కాంబో ఆఫరే. కాకపోతే హోటల్లో కాంబో తీసుకునేటప్పుడు చూసుకున్నట్టే ఇక్కడా చూసుకోవాలి, రెండోది మనం తినేదేనా అని.

అమెరికాలో చాలా కమ్యూనిటీ కాలేజీలు (రెండేళ్ల కాలేజీలు) రెండు మూడు వేర్వేరు సబ్జెక్టుల కోర్సులను ముడిపెట్టి ఒకే బ్యాచ్‌కి చెబుతాయి. ఒకే పాతిక మంది ఆ రెండు క్లాసుల్లోనూ కూర్చుంటారు. లెక్చరర్లిద్దరూ ముందే మాట్లాడుకుని సిలబస్ వేసుకుంటారు, కనీసం ఒక అసైన్‌మెంట్ రెండింటికీ కలిపి ఉంటుంది. ఒక్కో కాలేజీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. లెర్నింగ్ కమ్యూనిటీ అంటారు, క్లస్టర్ అంటారు, పెయిర్ అంటారు. న్యూయార్క్ క్వీన్స్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీలో ఇవి 1970ల నుంచీ ఉన్నాయి. సియాటిల్ సెంట్రల్ 1984లో కోఆర్డినేటెడ్ స్టడీస్ పేరుతో మొదలుపెట్టింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కూపర్టీనోలోని డి ఆంజా కాలేజీలో వీటికి లింక్ అనే పేరే పెట్టారు.

వీటిలో ఎక్కువ భాగం కొత్తగా చేరినవాళ్ల కోసం తయారైనవి. కాలేజీ అలవాటు లేనివాళ్లకు నలుగురు తోడు దొరుకుతారన్నది అక్కడి ఆలోచన. ఒకటి రెండు సెమిస్టర్లు గడిచాక లెక్క మారుతుంది. బ్రూక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో కొత్తవాళ్ల మీదా, పాతవాళ్ల మీదా దీన్ని పరీక్షించి చూశారు. 2003లో కొత్త విద్యార్థులకు ఇంగ్లిష్, ఇంకో సబ్జెక్టు, కాలేజీ పద్ధతులు పరిచయం చేసే ఒక క్రెడిట్ ఓరియంటేషన్ క్లాసు కలిపి ఇస్తే, ఆ సెమిస్టర్లో వాళ్లు మామూలుకంటే ఎక్కువ కోర్సులు పాసయ్యారు. తర్వాత అదే కాలేజీ పాత విద్యార్థుల కోసం మేజర్‌కి, అంటే వాళ్ల ప్రధాన సబ్జెక్టుకి సంబంధించిన రెండు కోర్సులకు ఒక సెమినార్ జోడించి ఇచ్చింది. ఈసారి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు. రెండో ఏడాదికి వచ్చేసరికి ఒకరికి కెమిస్ట్రీ మిగిలి ఉంటుంది, ఇంకొకరికి హిస్టరీ మిగిలి ఉంటుంది. అందరికీ ఒకే జత సరిపోవడం కష్టం.

కాబట్టి మనం ముందు అడగాల్సిన ప్రశ్న "ఈ జత బాగుంటుందా?" అని కాదు. "ఈ రెండూ నా డిగ్రీలో ఇంకా మిగిలి ఉన్నాయా?" అని.

1. ముందు డిగ్రీ ఆడిట్ తెరవండి

కాలేజీ పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ అని ఒక పేజీ ఉంటుంది. ఏ అవసరం తీరింది, ఏది మిగిలింది అక్కడ కనిపిస్తుంది. జతలోని ఒక్కో కోర్సు నంబరూ పట్టుకుని, అది ఏ గడిలో పడుతుందో చూడండి. రెండూ ఖాళీ గడుల్లో పడితేనే ముందుకు వెళ్లండి. ఒకటి ఖాళీ గడిలో, ఇంకోటి ఎలక్టివ్‌లో (మనకు నచ్చిన కోర్సుతో నింపుకునే గడిలో) పడితే, ఎలక్టివ్ క్రెడిట్లు ఇంకా ఎన్ని కావాలో లెక్కపెట్టండి.

ఇది నేను డబ్బులు కట్టి నేర్చుకున్న సంగతి. మూడో సెమిస్టర్లో స్పీచ్, సోషియాలజీ జత చూసి ముచ్చటపడ్డాను. క్లాసులు నిజంగానే బాగున్నాయి. కానీ సోషల్ సైన్స్ గడి అప్పటికే సైకాలజీతో నిండిపోయింది, ఎలక్టివ్‌లూ నిండిపోయాయి. మూడు క్రెడిట్లు ఎటూ కాకుండా గాల్లో వేలాడాయి. అడ్వైజర్‌ని అడిగితే "ఇంటరెస్టింగ్ కోర్సే కదా" అన్నారు. ఇంటరెస్టింగే, ఫీజు కూడా అంతే ఇంటరెస్టింగ్‌గా ఉంది.

నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటే ఇంకో మెట్టు ఉంది. కాలిఫోర్నియాలో అయితే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, మీరు వెళ్లాలనుకున్న ప్రభుత్వ యూనివర్సిటీ పేర్లు ఇచ్చి, ఏ కోర్సు దేనికి సరిపోతుందో చూసుకోవచ్చు. వేరే రాష్ట్రాల్లో యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి మెయిల్ పెట్టడమే మేలు. జవాబు రాతలో ఉంటే రేపు పనికొస్తుంది.

2. షెడ్యూల్లో జతను పట్టుకోవడం

చాలా పోర్టళ్లలో లెర్నింగ్ కమ్యూనిటీకి విడిగా ఫిల్టర్ ఉంటుంది. లేకపోతే సెక్షన్ కింద చిన్న అక్షరాల్లో, ఈ సెక్షన్ తీసుకునేవాళ్లు ఫలానా నంబరు సెక్షన్ కూడా తప్పనిసరిగా తీసుకోవాలని రాసి ఉంటుంది. ఆ రెండు సెక్షన్ల నంబర్లూ కాగితం మీద రాసుకోండి. అదే స్టాటిస్టిక్స్ జత లేకుండా వేరే సెక్షన్‌లో విడిగా కూడా ఉందేమో చూసి, ఆ నంబరు కూడా పక్కన రాసుకోండి. జత కుదరకపోతే అదే దిక్కు.

3. లెక్చరర్లిద్దరికీ ఒకే మెయిల్ రాయండి

ఇది చాలామంది చేయరు. నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైన మెట్టు లేదు. కాగితం మీద లింక్ అని ఉన్నంత మాత్రాన లోపల లింక్ ఉంటుందని కాదు. కొన్ని చోట్ల ఒకే బ్యాచ్‌ని రెండు గదుల్లో కూర్చోబెట్టడమే లింక్. పాత విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమీ లేదు, స్నేహితులు ఇప్పటికే ఉన్నారు.

మెయిల్లో మూడు విషయాలు అడగండి. రెండు క్లాసులకూ కలిపి అసైన్‌మెంట్ ఉందా? ఉంటే మార్కులు ఎవరు వేస్తారు, ఒక్కసారా, రెండుసార్లా? మిడ్‌టర్మ్‌లు రెండూ ఒకే వారంలో పడకుండా చూసుకున్నారా? ఇద్దరి జవాబులూ ఒకేలా ఉంటే వాళ్లు మాట్లాడుకుంటున్నారని అర్థం. ఒకరు "అవతలి ప్రొఫెసర్ని అడగండి" అన్నారంటే, మీకు జవాబు వచ్చేసినట్టే.

నిజమైన లింక్ ఎలా ఉంటుంది?

నా రెండో ప్రయత్నం స్టాటిస్టిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. క్యాంపస్ వెనకాల ఒక చిన్న వాగు ఉండేది. మంగళవారం ల్యాబ్‌లో ఆరు చోట్ల నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ పడుతుందని పుస్తకంలో చదివాం. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 25 డిగ్రీలకు వస్తే 8 చిల్లర. అందుకని మధ్యాహ్నం అంకెలు తగ్గుతాయనుకున్నాం. పెరిగాయి. మీటరు పాడైందేమోనని మళ్లీ ముంచాం, మళ్లీ అంతే. చివరికి మేడమ్ రాళ్ల మీది పాచి చూపించారు. ఎండలో ఆ పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చేసుకుంటుంది.

గురువారం అవే అంకెలు స్టాటిస్టిక్స్ క్లాసులో బోర్డు మీదికెక్కాయి. సార్ మొదట అడిగింది ఒకటే: "పొద్దున కొలిచిన చోటే మధ్యాహ్నం కూడా కొలిచారా?" అవునన్నాం. "అయితే రెండు గుంపుల్ని పోల్చకండి, ఒక్కో చోటి తేడా తీయండి." కాలిక్యులేటర్‌లో ఆరు తేడాలు లిస్టుగా వేశాం. జత టెస్టుకీ విడి టెస్టుకీ తేడా ఏమిటో అంతకుముందు నాకు సూత్రంగానే తెలుసు. ఆ రోజు వాగులో తడిసిన బూట్లతో సహా అర్థమైంది. వచ్చే వారం ల్యాబ్‌కి వెళ్లినప్పుడు ఎవరూ చెప్పకుండానే ప్రతి చోటా ఒక రాయికి రిబ్బన్ కట్టి గుర్తు పెట్టుకున్నాం.

4. వారంలో ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టండి

మూడు క్రెడిట్ల కోర్సుకి క్లాసులో మూడు గంటలు, ఇంటి దగ్గర ఆరు గంటలు అని మామూలు లెక్క. జత అంటే వారానికి 18 గంటలు. ల్యాబ్ ఉంటే దానిమీద ఇంకో రెండు మూడు. ఉద్యోగం, పిల్లల స్కూలు, బస్సు టైము అన్నీ ఒక కాగితం మీద వేసి చూడండి. విడి కోర్సు అయితే సాయంత్రం సెక్షన్‌కి మారొచ్చు. జతలో ఆ వీలుండదు, ఒకటి కదిపితే రెండూ కదలాలి.

5. రిజిస్ట్రేషన్

పాత విద్యార్థులకు రిజిస్ట్రేషన్ మామూలుగా కొత్తవాళ్లకంటే ముందే తెరుస్తారు. మన చేతిలో ఉన్న సౌకర్యం అదొక్కటే, వదులుకోకండి. ముందు రోజే పోర్టల్లో హోల్డ్‌లు, అంటే రిజిస్ట్రేషన్‌ని ఆపే అడ్డంకులు ఏమైనా ఉన్నాయేమో చూడండి. లైబ్రరీ ఫైన్ కట్టకపోయినా కొన్ని చోట్ల ఆపేస్తారు. రెండు కోర్సుల ప్రిరిక్విజిట్‌లూ (ముందే పాసై ఉండాల్సిన కోర్సులు) తీరాయో లేదో చూడండి, ఒకదానికి తీరకపోతే రెండూ రావు. ఆ రోజు రెండు సెక్షన్లనూ కార్ట్‌లో పెట్టి ఒకేసారి సబ్మిట్ నొక్కాలి. మా కింది అబ్బాయికి వచ్చిన ఎర్ర అక్షరాలు ఒకటే యాడ్ చేయబోయినందుకు వచ్చినవే.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది వదలకుండా చదవండి

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, మూడు క్రెడిట్ల వరకే వస్తుంది. జతలో రెండూ ఆన్‌లైన్ అయితే చిక్కే. అంతకంటే పెద్ద టెన్షన్ డ్రాప్ దగ్గర ఉంటుంది. చాలా కాలేజీల్లో జతలో ఒకటి డ్రాప్ చేస్తే రెండోది కూడా పోతుంది. 13 క్రెడిట్లతో హాయిగా ఉన్నవాళ్లు ఒక్క క్లిక్‌తో ఏడుకో ఆరుకో పడిపోతారు. డ్రాప్ నొక్కేముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓతో (విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారితో) మాట్లాడండి, తర్వాత కాదు.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలు, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లు పార్ట్‌టైం కూడా చదవొచ్చు, 12 క్రెడిట్ల బెడద లేదు. ఫీజు రాష్ట్రంలోని వాళ్ల రేటా, బయటివాళ్ల రేటా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అడ్మిషన్స్‌లో అడగాలి. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉండి ఫెడరల్ ఎయిడ్ తీసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. డిగ్రీకి లెక్కలోకి రాని కోర్సుకి ఆ ఎయిడ్ వర్తించదు. మొదటి మెట్టులో డిగ్రీ ఆడిట్ గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

6. సెమిస్టర్ మొదలయ్యాక

రెండు సిలబస్‌లూ ముందు పెట్టుకుని, డెడ్‌లైన్‌లన్నీ ఒకే క్యాలెండర్‌లో ఎక్కించండి. నోట్స్ కూడా ఒకే పుస్తకంలో రాశాను నేను, ఎడమ పేజీ ఒక క్లాసుకి, కుడి పేజీ ఇంకో క్లాసుకి. చూడ్డానికి పిచ్చిగా ఉండేది కానీ ఫైనల్స్ ముందు అదే ఆదుకుంది.

ఒక జాగ్రత్త. టాపిక్ ఒకటే కదా అని ఒకే పేపర్ని రెండు క్లాసుల్లోనూ ఇచ్చేయకండి. ఉమ్మడి అసైన్‌మెంట్ అని సిలబస్‌లో రాసి ఉంటేనో, ఇద్దరూ ఒప్పుకుంటేనో పర్వాలేదు. లేకపోతే మీ రాతే మీరు కాపీ కొట్టినట్టు లెక్క, దానికీ శిక్ష ఉంటుంది.

ఒక క్లాసులో వెనకబడుతుంటే ఇద్దరికీ చెప్పండి. జతలో ఉన్న లాభం అదే. ఇద్దరూ మిమ్మల్ని ఎరుగుదురు కాబట్టి, ఒకరిచ్చే గడువు ఇంకొకరి పరీక్షకి అడ్డం పడకుండా సర్దగలరు. విత్‌డ్రా చివరి తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా రాసుకోండి. ఆ లోపు తప్పుకుంటే గ్రేడ్ బదులు డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) పడుతుంది. దాటితే గ్రేడే పడుతుంది, అదీ రెండింటిలో.

7. అయిపోయాక

ట్రాన్స్‌క్రిప్టులో ఇవి మామూలుగా రెండు విడి కోర్సులుగానే కనిపిస్తాయి. రెండూ కలిపి చేశారన్న సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చు. అందుకని రెండు సిలబస్‌లూ, ఉమ్మడి ప్రాజెక్టూ పీడీఎఫ్‌లుగా దాచుకోండి. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ వ్యాసంలో రాయడానికి అంతకంటే మంచి సరుకు దొరకదు. సిఫార్సు లేఖ అడగాలన్నా మిమ్మల్ని రెండు వైపుల నుంచీ చూసిన ఇద్దరున్నారు. సెమిస్టర్ అయిన నెలలోపే అడగండి, ఏడాది ఆగితే వాళ్లకీ మొహాలు గుర్తుండవు.

జత దొరక్కపోతే

చాలామందికి దొరకదు. అప్పుడు సొంతంగా కట్టుకోవడమే. మిగిలిన కోర్సుల్లో ఒకదానికొకటి పనికొచ్చే రెండింటిని ఒకే సెమిస్టర్లో పెట్టుకుని, మొదటి వారంలోనే లెక్చరర్లిద్దరి ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. "ఒకే విషయం మీద ఇక్కడ లెక్క, అక్కడ వ్యాసం చేస్తాను, రెండూ విడివిడిగా రాస్తాను, మీకు సమ్మతమేనా?" అని అడగండి. ఒప్పుకుంటే మెయిల్లో ఒక్క లైన్ రాయించుకోండి.

కింది అబ్బాయి చివరికి అదే చేశాడు. వాడు పిజ్జా షాపులో పని చేస్తాడు, శనివారం షిఫ్ట్‌కీ ల్యాబ్‌కీ కుదరలేదు. స్టాటిస్టిక్స్ విడిగా తీసుకుని, పక్కన ఇంగ్లిష్ కాంపోజిషన్ పెట్టుకున్నాడు. ఆర్డర్ ఇచ్చినప్పటి నుంచి పిజ్జా చేతికొచ్చేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో, మేనేజర్‌ని అడిగి మరీ మూడు వారాలు రాసుకున్నాడు. అంకెలు ఒక క్లాసుకి, కస్టమర్లు ఎందుకు అరుస్తారన్న వ్యాసం ఇంకో క్లాసుకి. మొన్న మెట్ల మీద కనిపించి, "అక్కా, వాళ్లు ఆలస్యానికి కాదు అరిచేది, చెప్పిన టైముకి రానందుకు" అని చెప్పి కిందికి పరిగెత్తాడు. ఆ షాపు నుంచే మాకో పిజ్జా తెచ్చాడు, చల్లారిపోయింది.