వాలు చెలకలో వాన కొలత

ములుగు, భూపాలపల్లి వైపు గుట్టల అంచున చెలకలున్న రైతులు, మండల కేంద్రంలో నమోదైన వర్షపాతాన్నే తమ పొలం లెక్కగా తీసుకోకుండా, ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున నిలువు గోడలున్న డబ్బాలు పెట్టి సొంతంగా కొలుచుకోవడం మంచిది. గాలితో ఏటవాలుగా వచ్చే చినుకులు గాలికి ఎదురుగా ఉన్న వాలుపై ఎక్కువగా, చాటు వాలుపై తక్కువగా పడతాయి కనుక ఈ రెండు కొలతలు కలవకపోవడం వింతేమీ కాదు. నేల ఎంత వాలుగా ఉన్నా డబ్బా మూతి మాత్రం సమతలంగా ఉండాలి. దగ్గరలో చెట్టు ఉంటే దాని ఎత్తుకు రెట్టింపు దూరం జరపాలి.

డబ్బాలో ఒక మిల్లీమీటరు నీరు నిలిచిందంటే ఎకరానికి సుమారు 4,000 లీటర్లు పడినట్లు. ఎర్ర నేల మామూలు జల్లును బాగానే ఇంకించుకుంటుంది గాని, జోరువానకు పైపొర బిగుసుకుపోయి, నీరు మట్టిని కూడా వెంటబెట్టుకుని కిందికి జారిపోతుంది. అందువల్ల వాలుకు అడ్డంగా దున్ని, పత్తి సాళ్లను కూడా అడ్డంగానే పెట్టాలి. ట్రాక్టరు తిప్పడం సులువని వాలు వెంబడి దున్నించడం మన దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉంది.

దిగువ డబ్బాలో నీరు లేదని వాగు దాటే సాహసం చేయరాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతటి వాన ఎగువన పడితే, మన దగ్గర ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. ఎగువ ఊరిలో తెలిసినవారికి ఫోన్ చేసి కనుక్కున్న తరువాతే వాగు అవతలి మోటారు దగ్గరికి వెళ్లాలి.