పాత డీవీడీ ప్లేయర్, వీసీఆర్ తగిలిస్తే టీవీలో బొమ్మ సరిగా రావడం లేదా? ఇలా చూడండి

పెళ్లి వీడియో చూద్దామని అటక మీది ప్లేయర్ దించి కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా అసలు రాదు. ప్లేయర్ పాడైపోయిందని చాలామంది అక్కడితో వదిలేస్తారు. తొందరపడకండి. ఎక్కువసార్లు తప్పు వైరు దూర్చిన చోటో, మెనూలో ఒక ఆప్షన్ దగ్గరో ఉంటుంది. బొమ్మ ఏ తీరులో చెడిందో గమనిస్తే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ముందుగా ఒక పరీక్ష

డిస్కు తీసేసి ప్లేయర్ ఆన్ చేయండి. కంపెనీ లోగో, సెటప్ మెనూ రంగుల్లో, స్పష్టంగా కనిపిస్తే వైర్లూ టీవీ బాగున్నట్టే. ఇక చూడాల్సింది డిస్కు, దాన్ని చదివే లెన్స్. లోగో కూడా చెడిపోయి కనిపిస్తే డిస్కు తుడుస్తూ కూర్చోవద్దు. వైర్లు, సెట్టింగుల సంగతి చూడండి.

బొమ్మే లేకపోతే

1. టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి, వైరు ఏ సాకెట్‌లో పెట్టారో ఆ పేరే ఎంచుకోండి. మూడు రంగుల వైరైతే 'ఏవీ'.

2. పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. ప్లేయర్ వైపు పసుపు పిన్ను 'వీడియో అవుట్'లో ఉండాలి. వీసీఆర్‌కి రికార్డింగు కోసం 'ఇన్' సాకెట్లు కూడా ఉంటాయి, పొరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

3. చాలా కొత్త టీవీల్లో మూడు సాకెట్లకు బదులు 3.5 మిల్లీమీటర్ల ఒకే రంధ్రం ఉంటుంది. దానికి టీవీతో వచ్చిన చిన్న వైరే వాడాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండే క్యామ్‌కార్డర్ వైర్లలో లోపలి కనెక్షన్ల వరస వేరు. బొమ్మ రాకుండా స్పీకర్‌లో 'బుర్ర్'మని మోత వస్తే వీడియో సిగ్నల్ ఆడియోలోకి పోతోందని అర్థం. అప్పుడు ప్లేయర్ పసుపు వైరును తెలుపు, ఎరుపు సాకెట్లలో ఒక్కోసారి పెట్టి చూడండి. ఒకదాంట్లో బొమ్మ రావచ్చు.

4. టీవీకి హెచ్‌డీఎంఐ తప్ప వేరే దారి లేకపోతే చిన్న కన్వర్టర్ డబ్బా కొనాలి. కొట్లో 'ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి' అని తేల్చి అడగండి. 'హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి' మార్చేది కూడా అదే సైజులో, అదే రంగులో దొరుకుతుంది. అది తెస్తే పనికిరాదు. చాలా కన్వర్టర్లకు యూఎస్‌బీ వైరుతో 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి. దాని మీద 720, 1080 అని ఉండే మీటను ఎటు తిప్పినా పాత బొమ్మలో లేని స్పష్టత కొత్తగా రాదు.

5. ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెర నల్లగానే ఉంటే, లేదా గీతలు గీతలుగా బొమ్మలు విడిపోతుంటే, ప్లేయర్‌లో 'ప్రోగ్రెసివ్ స్కాన్' (బొమ్మలోని గీతలను ఒకటి విడిచి ఒకటి కాకుండా అన్నీ వరసగా పంపే పద్ధతి) ఆన్ అయి ఉండొచ్చు. పసుపు వైరు ఆ సిగ్నల్‌ను మోయలేదు. మెనూయే కనిపించనప్పుడు దాన్ని మార్చడం ఎలా? డిస్కు తీసేసి, రిమోట్‌లో 'పీ-స్కాన్' లేదా 'వీ-మోడ్' అనే బటన్ ఉంటే, ఒక్కోసారి నొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగుతూ, బొమ్మ వచ్చేదాకా నొక్కండి. తర్వాత సెటప్‌లో వీడియో అవుట్‌పుట్‌ను 'కాంపోజిట్' (అంటే పసుపు వైరు దారి) చేయండి. అలాంటి బటన్ లేకపోతే ప్లేయర్‌ను ఒకసారి హెచ్‌డీఎంఐకో, ఆకుపచ్చ-నీలం-ఎరుపు సాకెట్లకో తగిలించి మార్చుకోవచ్చు.

హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చి పోతుంటే ముందు వైరు మార్చి చూడండి. తర్వాత ప్లేయర్ రిజల్యూషన్‌ను 576 లేదా 720కి తగ్గించండి.

బొమ్మ ఉంది, రంగు లేదు

దీనికి రెండే కారణాలు ఎక్కువ. మొదటిది సాకెట్. కొన్ని టీవీల్లో పసుపుకీ ఆకుపచ్చకీ కలిపి ఒకే సాకెట్ ఇస్తారు. అందులో పసుపు వైరు పెట్టి సోర్స్‌లో 'కాంపోనెంట్' (ఆకుపచ్చ-నీలం-ఎరుపు వైర్ల దారి) ఎంచుకుంటే టీవీ వెలుగు భాగాన్ని మాత్రమే తీసుకుని రంగును వదిలేస్తుంది. 'ఏవీ'కి మార్చగానే రంగు వస్తుంది.

రెండోది రంగు పద్ధతి. మన దేశంలో పాల్: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సుమారు 30 ఫ్రేములు. అక్కడి డిస్కు ఇక్కడి పాత డబ్బా టీవీలో పెడితే బొమ్మ నలుపు తెలుపులో రావచ్చు, పైకి కిందికి దొర్లిపోవచ్చు. లోగో బాగానే ఉండి ఒక్క డిస్కుకే ఇలా జరిగితే ఇదే కారణం. టీవీ మెనూలో 'కలర్ సిస్టమ్'ను ఆటోలో పెట్టండి. ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్‌ను ముందు 'మల్టీ' లేదా 'ఆటో'లో పెట్టి, దొర్లడం ఆగకపోతే 'పాల్'కి మార్చండి. ఇక్కడి పెళ్లి డీవీడీ అమెరికాలో ఉన్న పిల్లలకు పంపినప్పుడు అక్కడి ప్లేయర్‌లో ఆడకపోవడానికీ తరచూ ఇదే కారణం. కంప్యూటర్‌లో మాత్రం సాధారణంగా ఆడుతుంది. కొన్న సినిమా డిస్కులకైతే రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే నంబరు) చిక్కు కూడా ఉంది. మనది 5, అమెరికాది 1. కానీ రీజియన్ కుదరకపోతే బొమ్మ చెడదు, తెర మీద ఆ మాటే వచ్చి డిస్కు ఆగిపోతుంది.

వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే

డీవీడీ ప్లేయర్ వైరును వీసీఆర్ గుండా టీవీకి ఇచ్చారా? సినిమా డీవీడీలను క్యాసెట్‌లోకి కాపీ చేయకుండా మాక్రోవిజన్ అనే రక్షణ ఉంటుంది, ఈ ఊగిసలాట దాని పనే. రిపేరు అక్కర్లేదు, ప్లేయర్‌ను నేరుగా టీవీకి పెట్టండి.

బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోతుంటే

డిస్కును మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. డిస్కు మీద చుట్టూ తిరిగే గీత పడితే ప్లేయర్ దాన్ని సవరించుకోవడం కష్టం, అడ్డ గీత అంత చేటు చేయదు. వేరే డిస్కులూ అలాగే ఆడితే లెన్స్‌ను అనుమానించాలి. వీసీడీలు చక్కగా ఆడి డీవీడీలు మాత్రమే ఆడకపోతే ఆ అనుమానం బలపడుతుంది. రెండింటికీ వేర్వేరు లేజర్ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్లు, వీసీడీకి 780. డీవీడీ లేజర్ బలహీనపడితే లెన్స్ యూనిట్ మార్చాలి. ఆ ఖర్చుకు సెకండ్ హ్యాండ్ ప్లేయరే వస్తుందేమో ముందు కనుక్కోండి. పెద్ద సినిమాల డిస్కు మధ్యలో ఒక్కసారి అరక్షణం ఆగితే కంగారు పడొద్దు, లేజర్ రెండో పొరకు మారుతోంది.

వీసీఆర్ సంగతి వేరు

చాలాకాలంగా వాడని క్యాసెట్‌ను ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ వెనక్కి చుట్టండి. టేపు బిగువు సమంగా వస్తుంది. ప్లే చేశాక కొన్ని సెకన్లు ఆగండి, ఆటో ట్రాకింగ్ (టేపు మీది బొమ్మను సరిగ్గా పట్టుకునే ఏర్పాటు) తన పని చేసుకుంటుంది. అడ్డంగా చుక్కల పట్టీ మిగిలితే ట్రాకింగ్ ప్లస్, మైనస్ నొక్కుతూ దాన్ని తెర బయటికి నెట్టండి. అట్టడుగున సన్నటి గీత ఒకటి ఉంటే వదిలేయండి, అది వీహెచ్‌ఎస్ (ఈ వీడియో క్యాసెట్ల పద్ధతి)కు సహజం. పాత టీవీలో ఎలాగో కనిపించిన బలహీనమైన బొమ్మ కొత్త టీవీలో నీలం తెరగా మారిపోతుంది. మెనూలో 'బ్లూ స్క్రీన్' ఉంటే ఆఫ్ చేయండి.

ప్రతి క్యాసెట్‌కూ తెర నిండా చుక్కలే వస్తే హెడ్ (టేపును చదివే చిన్న భాగం) మురికి పట్టినట్టు. ప్లగ్ పీకి మూత తీయండి. షామీ లెదర్ అనే మెత్తటి తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, హెడ్ అమర్చి ఉండే గుండ్రటి డ్రమ్ముకు కదలకుండా ఆనించి, రెండో చేత్తో డ్రమ్మును పైభాగం పట్టుకుని మెల్లగా తిప్పండి. తోలును పైకి కిందికి రుద్దితే హెడ్ విరుగుతుంది. దూది పుల్లలు అసలే వద్దు, పోగులు హెడ్‌కు చిక్కుకుంటాయి. మూత వేసే ముందు పావుగంట ఆరనివ్వండి.

క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు అంటి తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. దాన్ని విడిగా సంచిలో కట్టి, టేపులు శుభ్రం చేసి డిజిటల్‌కి మార్చేవాళ్లకు ఇవ్వండి. చివరిదాకా వీసీఆర్లు చేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జులైలో వాటి తయారీ ఆపేసింది. కొత్తవి ఇక రావు కాబట్టి, బాగున్న వీసీఆర్ చేతిలో ఉన్నప్పుడే మిగతా క్యాసెట్లను కూడా మార్పించుకోండి.