నీళ్ల ట్యాంకర్ నాటకం: స్క్రిప్టు లేకుండా, గ్రూపు కదలికలతో కట్టే పద్ధతి

మాటల కన్నా ఒంటి కదలికలతో కథ చెప్పే ఫిజికల్ థియేటర్‌లో మొదటి రోజు చదవడానికి ఏమీ ఉండదు. ఏడెనిమిది మంది మనుషులు, ఖాళీ హాలు, ఒక విషయం, అంతే. కథ, పాత్రలు, అవసరమైతే నాలుగు మాటలు, అన్నీ రిహార్సల్లోనే పుట్టాలి. చాలా గ్రూపులు తడబడేది ఇక్కడే. అందరూ గుండ్రంగా కూర్చుని "మనం ఏం చెప్పాలనుకుంటున్నాం?" అని రెండు వారాలు చర్చిస్తారు. చర్చలో తేలేవి వాక్యాలు. ఆ వాక్యాలను ఒంటితో చూపించబోతే మూగసైగల ఆట తయారవుతుంది. అందుకే ముందు కదలికలు పుట్టించండి. వాటిని పక్కపక్కన పెట్టినప్పుడు అర్థం ఏర్పడుతుంది, దాన్ని చూసి కత్తిరించుకుంటూ వెళ్లొచ్చు.

ఇక్కడ ఉదాహరణ ఒకటే: ఎండాకాలం కాలనీకి వచ్చే నీళ్ల ట్యాంకర్. ఏడుగురు నటులు, 12 నిమిషాల ప్రదర్శన, అయిదు వారాలు, వారానికి మూడు రిహార్సళ్లు, ఒక్కోటి రెండున్నర గంటలు. విషయం ఎంచుకునేటప్పుడు అందులో కాళ్లకూ చేతులకూ పని ఉందా అని చూడండి. "నీటి కొరత" అనుకుంటే ఉపన్యాసం వస్తుంది. "ట్యాంకర్ దగ్గర క్యూ" అనుకుంటే నిలబడటం, తోసుకోవడం, వంగడం, పైపు లాక్కోవడం, బిందె ఎత్తడం, మోయడం, ఒలకబోయడం వస్తాయి. ఇలాంటి క్రియలు పది రాయగలిగితే పని మొదలుపెట్టొచ్చు.

హాలు, నేల, ఒళ్లు

ఏడుగురికి కనీసం 20 అడుగులకు 25 అడుగుల ఖాళీ కావాలి. మనకు దొరికే కమ్యూనిటీ హాళ్లలో ఎక్కువ భాగం టైల్సో, గ్రానైటో. కింద కాంక్రీటు కాబట్టి నేల ఏమాత్రం అణగదు, గెంతిన దెబ్బంతా మోకాలికీ పిక్క ముందు ఎముకకూ తగులుతుంది. అలాంటి చోట గెంతులు తగ్గించండి, దొర్లడం మ్యాట్ల మీదే చేయించండి. జంపఖానా పరిస్తే సరిపోతుందనుకోవద్దు. నున్నటి బండ మీద అది జారుతుంది, మడత పడితే కాలికి అడ్డం తగులుతుంది. మేజోళ్లు వద్దు, ఉత్త కాళ్లతోనే చేయాలి. వాలీబాల్ ఆడేవాళ్లు వేసుకునే నీక్యాప్‌లు అందరికీ ఉండాలి. ఉంగరాలు, వాచీలు, గాజులు, జడపిన్నులు తీసేయాలి. మెట్టెలు తీయనంటే టేపు చుట్టండి. చున్నీలు నడుముకు గట్టిగా కట్టుకోవాలి.

వార్మప్ 25 నిమిషాలు. పది నిమిషాలు చెమట పట్టేదాకా, అయిదు నిమిషాలు మణికట్లు, భుజాలు, నడుము. మిగిలిన పదీ నడకకే.

నడక చూడటానికి ఏమీ లేనట్టుంటుంది కానీ గ్రూపు అయ్యేది ఇక్కడే. నియమం చిన్నది: హాలంతా సమానంగా నిండేలా నడవాలి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడికి వెళ్లాలి. రెండు నిమిషాలకే అందరూ గానుగెద్దుల్లా గుండ్రంగా తిరగడం మొదలెడతారు. అప్పుడు "మూలలు" అనండి, వలయం విరిగిపోతుంది. తర్వాత ఎవరూ సైగ చేయకుండా ఏడుగురూ ఒకేసారి ఆగాలి, ఒకేసారి కదలాలి. మొదట్లో ప్రతిసారీ ఒకరే ఆగుతారు, మిగతావాళ్లు ఆ ఒకరిని చూసి ఆగుతారు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం మానిపించండి. చూపు ఎదురుగా మెత్తగా ఉంచి, పక్కనున్నవాళ్లను కంటి అంచులతో పట్టుకోవాలి. అమెరికాలో మేరీ ఓవర్లీ ఆరు అంశాలతో రూపొందించి, యాన్ బోగార్ట్, టీనా లాండౌ తొమ్మిదికి పెంచిన వ్యూపాయింట్స్ అనే నటన, కదలికల శిక్షణ పద్ధతిలో ఇది పునాది అభ్యాసం. పక్కవాళ్ల కదలికకు ఆలోచించకుండా ఒళ్లు బదులివ్వడమే అందులో ఒక అంశం.

బిగువు స్థాయిలు

ఫ్రెంచ్ నాటక గురువు జాక్ లెకాక్ 1956లో ప్యారిస్‌లో పెట్టిన నాటక బడి నుంచి వచ్చిన అభ్యాసం ఇది. ఒంట్లో బిగువును ఏడు మెట్లుగా పంచుతారు. ఒకటి అంటే ఒంట్లో సత్తువే లేనట్టు, రెండు తీరిక, మూడు ఎంత పనికి అంతే శక్తి, నాలుగు ఏదో చెవిన పడ్డ అప్రమత్తత, అయిదు ఉత్కంఠ, ఆరు ఉద్రేకం, ఏడు కొయ్యబారిపోవడం. ట్యాంకర్ కథ ఈ నిచ్చెన మీదే నిలబడుతుంది. క్యూలో రెండు, దూరంగా హారన్ వినిపిస్తే నాలుగు, మన సందులోకి తిరుగుతుందా లేదా అన్నప్పుడు అయిదు, పైపు కింద పడగానే ఆరు, నీళ్లు అయిపోయిన క్షణం ఏడు.

ఇందులో రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. మొదటిది, బిగువంతా ముఖంలోకీ భుజాల్లోకీ ఎక్కడం. ముఖం మీద తువ్వాలు కప్పుకుని నెమ్మదిగా చేయమనండి, లేదా ప్రేక్షకులకు వీపు పెట్టి చేయమనండి. వీపులో నాలుగుకీ అయిదుకీ తేడా కనిపించకపోతే ఆ తేడా లేనట్టే. రెండోది, అందరూ ఆరు దగ్గరికి పరుగెత్తడం. స్టేజీ అనగానే మనవాళ్లకు అదే అలవాటు. మొదటి వారమంతా మూడు దగ్గరే ఉంచండి. విసుక్కున్నా సరే.

బరువు, తాకడం

తాకే పని మొదలుపెట్టేముందు ప్రతి రిహార్సల్లో అయిదు నిమిషాలు ఒక మాటకు కేటాయించండి: ఇవాళ ఎవరికి ఎక్కడ నొప్పి, ఎవరు ఎక్కడ తాకవద్దంటున్నారు. కారణం అడగకూడదు. "ఆపు" అన్న మాట ఎవరి నోట వచ్చినా అందరూ ఆగాలి, డైరెక్టరుతో సహా.

మొదట ఎదురుబరువు. ఇద్దరు ఎదురెదురుగా, పాదాలు దగ్గరగా పెట్టి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని వెనక్కి వాలి కూర్చోవాలి. వేళ్లు పట్టుకుంటే చెమటకు జారిపోతాయి. చేతులు వంచితే బలప్రదర్శన అవుతుంది. చేతులు చాచి ఉంచితే ఎముకలే బరువు మోస్తాయి, 50 కిలోల మనిషి 80 కిలోల మనిషిని నిలబెట్టగలుగుతుంది.

మనిషిని ఎత్తడం రెండో వారం చివర్లో. ఎత్తేవాళ్ల మోకాళ్లు వంగాలి, వీపు నిటారుగా ఉండాలి, ఇద్దరి నడుములూ దగ్గరగా రావాలి. ఎడమైతే బరువంతా నడుము వెన్నుపూసల మీద పడుతుంది. లేచే మనిషి పొట్ట బిగించి తానూ పైకి పోవాలి, ఒళ్లు వదిలేస్తే అదే బరువు రెట్టింపు అనిపిస్తుంది. పక్కన మూడో మనిషి లేకుండా ఎత్తించొద్దు. నడుము ఎత్తు దాటొద్దు. చివరి అరగంటలో అసలే వద్దు, దెబ్బలు తగిలేది అలసటలోనే.

ముక్కలు పుట్టించడం

ఇక అసలు పని: తర్వాత నాటకంగా కూర్చడానికి చిన్న చిన్న కదలికల ముక్కలు తయారుచేయడం. నటులకు భావం ఇవ్వకండి, పని ఇవ్వండి. "ఆరాటం చూపించండి" అంటే ఏడుగురూ చేతులు చాస్తారు. "ముగ్గురు, ఒక బిందె, ఎనిమిది కదలికలు, బిందె నేలకు తగలకూడదు, మాట వద్దు, పది నిమిషాలు" అంటే ఏదో ఒకటి పుడుతుంది. పది నిమిషాలకు మించి ఇస్తే మళ్లీ చర్చలో పడతారు.

ఇద్దరితో చేయించడానికి బ్రిటన్‌లోని ఫ్రాంటిక్ అసెంబ్లీ అనే నాటక బృందం వాడే అభ్యాసం ఒకటి బాగా పనికొస్తుంది. ఒకరు నిలబడతారు. రెండోవాళ్లు వాళ్ల చుట్టూ తిరగాలి, లేదా పక్కగా దాటాలి, లేదా వాళ్ల చేతుల సందులోంచి దూరాలి. ఈ మూడింటినే అటూ ఇటూ మార్చి, పాత్రలు కూడా మార్చుకుంటూ, ఎనిమిది కదలికల వరుస కట్టాలి. కళ్లు మూసుకున్నా వచ్చేదాకా పదిసార్లు చేయాలి. ఇప్పుడు వరుస మార్చకుండా ఒక్క నియమం కలపండి: ఒకరు ఎప్పుడూ రెండోవాళ్లను చూస్తూనే ఉండాలి, రెండోవాళ్లు ఒక్కసారి కూడా చూడకూడదు. అంతే, అక్కడ మొగుడూపెళ్లాల మధ్య అలక కనిపిస్తుంది. ఇద్దరూ చూపు చెదరకుండా, సగం వేగంతో చేస్తే బిందె కోసం కాచుకున్న ఇద్దరు శత్రువులు. వాళ్ల మధ్య ఖాళీ బిందె పెట్టి, దాన్ని చూడకుండా చేయమంటే ట్యాంకర్ సన్నివేశమే వచ్చేసింది. నటించమని ఎవరికీ చెప్పలేదు.

వస్తువుల్లో ప్లాస్టిక్ బిందెలే మేలు. స్టీలువి కాలి మీద పడితే వేళ్లు పోతాయి, సొట్టలు పడతాయి. ప్లాస్టిక్‌వి బోర్లిస్తే డప్పులా పలుకుతాయి కూడా. ఖాళీ బిందె ఖాళీగానే కనిపించడం మాత్రం పెద్ద ఇబ్బంది. ఒకరోజు 15 లీటర్ల బిందె నిండా నీళ్లు పోసి, అంటే 15 కిలోల పైమాటే, బయట ఆరుబయట ఒక్కొక్కరితో మోయించండి. చంకన ఉన్నప్పుడు ఒళ్లు రెండో వైపుకు వాలుతుంది, ఖాళీ చెయ్యి గాలిలోకి లేస్తుంది, అడుగు పొట్టిదవుతుంది. నెత్తిన ఉంటే మెడ కదలదు, కళ్లు మాత్రమే కిందికి దిగుతాయి. దించిన తర్వాత భుజం వెంటనే సర్దుకోదు, ఆ రెండు క్షణాలు ముఖ్యం. వెంటనే లోపలికొచ్చి ఖాళీ బిందెతో అదే చేయాలి. మరుసటి రోజుకు వాయిదా వేస్తే ఒళ్లు మరిచిపోతుంది.

ప్రతి ముక్కనూ ఫోన్‌లో తీయండి, ఒకేచోట స్టాండు పెట్టి, అడ్డంగా, కూర్చున్న ప్రేక్షకుల కంటి ఎత్తులో. చూసినవాళ్లు "బాగుంది" అనకూడదు, ఏం కనిపించిందో చెప్పాలి. ముక్కకు పేరు పెట్టండి: "పైపు పాము", "గోడ", "ఒలికిన బిందె", "డ్రైవర్ నీడ". నోట్‌బుక్‌లో పేరు, ఎంతమంది, ఎన్ని సెకన్లు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ కాలు ముందు అని రాయాలి. వీడియో ఉందిగా అని ఇది మానేస్తే నాలుగో వారంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు. మూడో వారం చివరికి 40 సెకన్ల లోపు ముక్కలు ఓ పాతిక ఉండాలి. అందులో పది మిగులుతాయి. పారేయాల్సినవి ముందే తెలుస్తాయి: నటులు నవ్వుకుంటూ మళ్లీ మళ్లీ చేయాలనుకునేవి, చూసేవాళ్లు ఫోన్ వైపు చూసేవి.

ఈ మూడు వారాలూ పాటలు వద్దు. చప్పట్లు, డప్పు, లేదా సమంగా తాళం కొట్టే మెట్రోనోమ్ చాలు. పాట పెట్టగానే బోలు కదలిక కూడా బరువుగా కనిపిస్తుంది, మోసపోతాం. సంగీతం తర్వాత ఎంచుకునేటప్పుడు ఒకే ముక్కను రెండు భిన్నమైన బాణీల మీద చూడండి. రెంటికీ నిలబడితే ముక్క గట్టిది.

కూర్పు

నాలుగో వారం పేర్లన్నీ చీటీల మీద రాసి నేలమీద పరిచి వరుస మార్చి చూడాలి. పక్కపక్కన ఉన్న రెండు ముక్కల్లో మనుషుల సంఖ్యో, వేగమో, ఎత్తో, ఏదో ఒకటి మారాలి. మూడూ ఒకటే అయితే ప్రేక్షకులకు రెండూ కలిసి ఒకే పొడుగాటి ముక్కలా తోస్తాయి. పది ముక్కలు కలిపితే ఏడు నిమిషాలు కూడా రావు. మిగతాది పునరావృతాలకు, నిశ్చలంగా నిలిచే క్షణాలకు, ముక్క నుంచి ముక్కకు దాటడానికి. క్యూ మూడుసార్లు రావాలి: మొదట ఏడుగురితో, తర్వాత రెట్టింపు వేగంతో, మూడోసారి ఒకరు లేకుండా, కానీ ఆ ఒక్కరి చోటు ఖాళీగానే ఉంచి అందరూ జరుగుతూ. ఎందుకు లేరో చెప్పనక్కర్లేదు.

ఎక్కువ ప్రదర్శనలు చెడేది దాటే చోట్లే. ముక్క అయిపోగానే నటులు మామూలు మనుషులై, నడిచి వెళ్లి, తర్వాతి చోట నిలబడి, మళ్లీ బిగుసుకుంటారు. ముందు ముక్క ముగిసిన ఆకారంలోంచే తర్వాతది మొదలవ్వాలి. కోలాటం వేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, కోపు (అడుగుల వరుస) మారేటప్పుడు తాళం ఆగదు, కాలు ఆగదు. ఒక రిహార్సల్ మొత్తం దాటడాలకే పెట్టండి: ప్రతి ముక్కలో చివరి అయిదు సెకన్లు, తర్వాతి దానిలో మొదటి అయిదు సెకన్లు, అంతే.

చివరి వారం

ప్రతి రిహార్సల్లో మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఒక పూర్తి రన్, గడియారం పెట్టి. 12 నిమిషాలది 14 అయితే నటులు నిశ్చల క్షణాలను ఆస్వాదిస్తున్నారని అర్థం, 10 అయితే భయంతో తొందరపడుతున్నారు. సంబంధం లేని ముగ్గురిని పిలిచి చూపించండి. "అర్థమైందా?" అని అడిగితే మర్యాదకు తలూపుతారు, "ఏం చూశారు?" అని అడగండి. ముగ్గురూ ఒకేచోట తికమకపడితే వరుస మార్చాలి. తలా ఒకచోట అయితే వదిలేయొచ్చు.

ప్రదర్శన రోజు రెండు గంటల ముందే చేరుకుని, నేల తుడిపించి, ఉత్త కాళ్లతో నడిచి చూడండి. తడి ఆరలేదంటే ఆగండి. క్యూ మొదలయ్యే చోట్లు టేపుతో గుర్తు పెట్టుకోవాలి. ఎత్తే ముక్కలన్నీ విడిగా ఒకసారి నెమ్మదిగా, ఒకసారి అసలు వేగంతో చేయాలి, దానికి పావుగంట. స్టేజీ అనుకున్నదానికన్నా చిన్నదైతే క్యూను దగ్గరికి జరపండి, వరుసలు తగ్గించండి, ఎత్తే ముక్కల చుట్టూ ఉన్న ఖాళీని మాత్రం ముట్టుకోవద్దు.