ఎవరి బండి ఎక్కి చర్చికి వెళ్ళారు? క్రైస్తవ యూనివర్సిటీలో సోషియాలజీ చదవబోయేవారికి

నేను సోషియాలజీలో పీహెచ్‌డీకి టెక్సాస్ వెళ్తున్నానంటే మా సంఘంలో అందరూ బైబిల్ కాలేజీ అనుకున్నారు. పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో నన్ను ముందుకు పిలిచి, సేవకి ప్రతిష్ఠించినంత పని చేశారు. మా నాయనమ్మ ఒక్కతే అసలు ప్రశ్న అడిగింది: "అక్కడ దేవుడి గురించి చదువుతావా, దేవుణ్ని నమ్మేవాళ్ళ గురించి చదువుతావా?" రెండోదే అన్నాను. "అయితే మన గురించేగా! దానికి అంత దూరం ఎందుకే?" అంది.

నేను చదివేది వేకోలోని బేలర్ యూనివర్సిటీ. డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్ళే ఐ-35 మీద, డల్లాస్‌కి గంటన్నర దూరం. బాప్టిస్టులు పెట్టినది. 1845లో, టెక్సాస్ ఇంకా సొంత రిపబ్లిక్‌గా ఉన్నప్పుడే చార్టర్ పొందింది. మాదీ ఒంగోలు బాప్టిస్టు కుటుంబమే. మనవైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ని 'లోన్ స్టార్' మిషన్ అనేవారు, పటంలో ఆ చోట ఒంటరిగా ఒక్క చుక్కే ఉండేదని. టెక్సాస్‌దీ లోన్ స్టార్ అనే ముద్దుపేరు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. మా నాన్న మాత్రం ఇది దైవసంకల్పమని ఇప్పటికీ వాదిస్తాడు.

ఈ మధ్య ఒంగోలు, గుంటూరు వైపు నుంచి చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ ఫోన్లు చేసి అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

చేరే ముందు

క్రైస్తవ యూనివర్సిటీలన్నీ ఒక తీరున ఉండవు. కొన్నిచోట్ల విద్యార్థి కూడా విశ్వాస ప్రమాణం మీదో, ప్రవర్తనా నియమావళి మీదో సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల ఏ మతంవారైనా చేరవచ్చు. బేలర్ ఈ రెండో రకం. అయితే ఇక్కడ డిగ్రీ పిల్లలు రెండు సెమిస్టర్లు చాపెల్‌కి, అంటే యూనివర్సిటీలో జరిగే ఆరాధనకి, వెళ్ళాలి, మతానికి సంబంధించిన కోర్సులు రెండు చదవాలి. పీజీవాళ్ళకి చాపెల్ నియమం లేదు. మీరు చూసే యూనివర్సిటీ ఏ రకమో అప్లికేషన్ ఫీజు కట్టకముందే చదువుకోండి. సంతకం పెట్టాక "నాకు తెలీదు" అంటే కుదరదు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. అమెరికాలో పీహెచ్‌డీకి తీసుకుంటే సాధారణంగా ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పడమో రీసెర్చిలో సాయం చేయడమో అప్పగించి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎం.ఏ.కి ఎక్కువగా చేతిడబ్బే. సోషియాలజీ ఎం.ఏ. కోసం పొలం తాకట్టు పెట్టవద్దు. సీటు వచ్చినా సరే, పెట్టవద్దు.

ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో రాసి పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో సాక్ష్యం రాయకండి. మొదటి ప్రతిలో నేను అదే రాశాను. పదో తరగతిలో ఎలా రక్షణ పొందానో, ప్రభువు నన్ను ఈ చదువుకి ఎలా నడిపించాడో రెండు పేజీలు. క్రైస్తవ యూనివర్సిటీ కదా, సంతోషిస్తారనుకున్నాను. చదివి పెట్టిన సీనియర్ అక్క ఒక్క మాటే అంది: "ఇందులో నీకు తెలియని విషయం ఒక్కటీ లేదే. తెలియనిది ఏదో రాయి, దానికే సీటిస్తారు."

గుండ్లకమ్మ లెక్క

తెలియనిదంటే ఏమిటో మా ఊరి ఉదాహరణతోనే చెబుతాను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ. మా నాయనమ్మకి ఆమె నాయనమ్మ చెప్పిన కథ ఇది: పరిశుద్ధాత్మ దిగివచ్చింది, జనం నదిలోకి దిగారు. అంతే.

సోషియాలజీ క్లాసులో ఈ వాక్యం రాస్తే మార్కులు రావు. క్రైస్తవ యూనివర్సిటీలోనూ రావు. ఆత్మ దిగలేదని కాదు, ఆత్మని కొలిచే సాధనం మన దగ్గర లేదు గనక. పీటర్ బెర్గర్ అనే సోషియాలజిస్టు 1967లో ఈ పద్ధతిని 'మెథడలాజికల్ ఎథీయిజం' అన్నాడు. పని చేస్తున్నంతసేపూ దేవుణ్ని కారణాల పట్టికలో వేయకుండా ఉండటం. ఆయన స్వయంగా లూథరన్ విశ్వాసి. ఆ సంగతి మా నాన్నకి చెప్పాక ఇంట్లో కొంచెం గాలి ఆడింది.

దేవుణ్ని పట్టికలోంచి తీస్తే మిగిలేదేమిటి? చాలామంది వెంటనే "కరువు" అంటారు. 1876-78 కరువు నిజం. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చిందీ నిజం. కానీ ఆ కరువు పని నడుస్తున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం ఆగాక జనం వచ్చారు. కనుక "అన్నం కోసం మారారు" అన్నది కూడా నాయనమ్మ కథ లాగే చిన్న వాక్యం, పరీక్షకి నిలవదు.

ఇక్కడ మూడో ప్రశ్న వేయాలి. ఎవరు ఎవరితో కలిసి వచ్చారు? ఒంగోలు ప్రాంతంలో మొదట్లో మారినవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. మాదిగ, తోళ్ళ వ్యాపారం, ఊరూరా తిరిగే మనిషి. ఆయన ఎక్కడికెళ్తే అక్కడ బంధువులో బేరగాళ్ళో ఉన్నారు. కబురు ఆ దారుల్లోనే నడిచింది. 1965లో జాన్ లోఫ్లాండ్, రోడ్నీ స్టార్క్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఒక చిన్న కొత్త మతబృందాన్ని దగ్గరగా గమనించి తేల్చింది కూడా ఇలాంటిదే. బోధ నచ్చినవారు చేరడం కాదు, లోపల స్నేహాలు ఉన్నవారు చేరారు, బోధ మీద నమ్మకం తరువాత గట్టిపడింది. ఆ స్టార్క్ 2004లో బేలర్‌కి వచ్చి 2022లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. మా తోలు వ్యాపారి కథని ఆ కాలిఫోర్నియా పేపర్ పక్కన పెట్టి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ప్రశ్న తయారు చేయడం

మీ చదువులో సగం కాలం దీనికే పోతుంది, పోనివ్వండి.

మొదటి సూత్రం: నమ్మకం గురించి కాదు, జరిగినదాని గురించి అడగండి. అమెరికాలో సర్వేల్లో ఎప్పటినుంచో నూటికి 40 మంది "ప్రతివారం చర్చికి వెళ్తాం" అంటూ వచ్చారు. 1993లో ముగ్గురు పరిశోధకులు చర్చిలకి నిజంగా ఎందరు వస్తున్నారో లెక్క తీస్తే దాదాపు సగమే తేలారు. మిగతావారు అబద్ధాలకోరులనుకోకండి. "వెళ్తారా?" అని అడిగితే మనిషి తానెలాంటివాడో చెప్పుకుంటాడు. "మొన్న ఆదివారం పొద్దున లేచినప్పటినుంచి ఏం చేశారు?" అంటే చేసింది చెబుతాడు.

బేలర్ వాళ్ళు 2005లో గాలప్ సంస్థతో కలిసి 1,721 మందిని సర్వే చేశారు. అందులో ఏ మతశాఖ అని టిక్ పెట్టించి ఊరుకోలేదు, మీరు వెళ్ళే ఆరాధనా స్థలం పేరూ చిరునామా రాయండన్నారు. "ఏ మతమూ లేదు" అని టిక్ పెట్టినవారిలో కొందరు కింది గడిలో ఫలానా చర్చి అని రాశారు! అమెరికన్లు దేవుణ్ని నాలుగు రకాలుగా ఊహించుకుంటారని చెప్పిందీ ఈ సర్వేనే. అధికారం చేసే దేవుడు, దయగల దేవుడు, తప్పులెంచే దేవుడు, దూరంగా ఉండే దేవుడు. ఈ సర్వేకి పేరు వచ్చింది దానివల్లే. నాకు మాత్రం ఆ చిరునామా గడే ఎక్కువ ఇష్టం. ఈ సర్వే డేటా ఏ.ఆర్.డి.ఏ. అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతుంది. లెక్కలు వేసే 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. సీటు వచ్చేదాకా ఆగకుండా ఇంట్లో కూర్చుని ఇవాళే దించుకుని లెక్కలు వేయడం మొదలుపెట్టవచ్చు.

బిహేవియరల్ సైన్సు వైపు వెళ్ళేవారు ఒక ప్రయోగం తప్పక చదవాలి. ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీ విద్యార్థుల మీద డార్లీ, బాట్సన్ చేసి 1973లో ప్రచురించారు. 40 మంది. కొందరికి దారిలో పడి ఉన్నవాడికి ఆగి సాయం చేసిన మంచి సమరయుడి ఉపమానం మీద మాట్లాడమని చెప్పి పక్క భవనానికి పంపారు. దారిలో ఒకడు గుమ్మం దగ్గర వాలిపోయి దగ్గుతూ ఉంటాడు. తొందర లేనివారిలో నూటికి 63 మంది ఆగారు. కొంచెం తొందరలో ఉన్నవారిలో 45. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవారిలో 10. నోట్లో సమరయుడి ఉపమానం ఉందా లేదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. ఇది చదివాక నేను క్లాసుకి పది నిమిషాలు ముందు బయల్దేరడం మొదలుపెట్టాను.

ఇక తెలుగులో అడగడం. నా పని డల్లాస్ చుట్టుపక్కల తెలుగు సంఘాల మీద. ప్రశ్నలు ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చాను. మొదటి ముగ్గురి దగ్గరే బోల్తా కొట్టాను. "మీ మతం ఏమిటి?" అంటే "మాది మతం కాదమ్మా, మార్గం" అన్నారు ముగ్గురూ. సర్వేలో 'గట్టిగా ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకుంటాను' అని వరస పెడితే ఒక ఆంటీ పెన్ను కింద పెట్టేసింది. "నేనేం పాపం చేశానని ఒప్పుకోమంటున్నావు?" అని. మన బైబిల్ తెలుగులో ఒప్పుకోవడమంటే పాపాలే ఒప్పుకోవడం, ఆ సంగతి నేనే మర్చిపోయాను! 'అవును, అంతే', 'కొంతవరకు', 'కాదు' అని మార్చాను. ఒకరు తెలుగులోకి మార్చినదాన్ని, మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించండి. తప్పులు అక్కడ బయటపడతాయి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు సాక్ష్యం. "ఈ సంఘానికి ఎలా వచ్చారు?" అని అడిగితే మనవాళ్ళు సాక్ష్యం చెబుతారు. చీకటి, కన్నీళ్ళు, ఒక వాక్యం, వెలుగు. ఎన్నోసార్లు కూడికల్లో చెప్పి నునుపు తేలిన కథ. అది అబద్ధం కాదు, దాన్ని తోసిపుచ్చవద్దు, మొత్తం విని రాసుకోండి. ఆ తరువాత అడగండి: "మొదటి ఆదివారం ఎవరి కారులో వెళ్ళారు? ఎవరి పక్కన కూర్చున్నారు? మధ్యాహ్నం భోజనం ఎక్కడ?" కారు లేదు, ఫలానా అన్న వచ్చి ఎక్కించుకున్నాడు, ఆయనది మా నెల్లూరే, వాళ్ళింట్లో గోంగూర పచ్చడి పెట్టారు... అదీ డేటా. నూట యాభై ఏళ్ళ కిందట పేరయ్య కాలినడకన వెళ్ళిన దారి అది. ఇప్పుడు కారులో వెళ్తున్నారు.

అనుమతి కాగితం

మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా యూనివర్సిటీ ఐ.ఆర్.బి. అనుమతి కావాలి. పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే కమిటీ అది. 1932 నుంచి 1972 దాకా అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు నల్లజాతి రోగులకి సిఫిలిస్ వైద్యం అందనివ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాక వచ్చిన చట్టమూ, ఇలాంటి పరిశోధనకి నీతి సూత్రాలు చెప్పిన 1979 బెల్మాంట్ నివేదికా దీనికి పునాది. విసుక్కోకుండా చేయండి.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక సంఘంలో అయ్యగారిని ప్రకటన చేయమని నేనే అడిగాను. ఆయన ప్రేమగా "మన చెల్లికి అందరూ సహకరించాలి, ఇది కూడా ప్రభువు పనే" అన్నారు. ఒక్కరు కాదన్లేదు. కాదనలేనప్పుడు అది సమ్మతి ఎలా అవుతుంది? ఆ రోజు పేర్లిచ్చిన వారెవరినీ తీసుకోలేదు. మళ్ళీ మొదటినుంచి, బల్ల మీద కాగితం పెట్టి, ఇష్టమైనవారే ఫోన్ చేసేలా ఏర్పాటు చేసుకున్నాను. నాలుగు నెలలు పోయాయి.

ఊళ్ళో ఇంటర్వ్యూలు చేయాలనుకునేవారికి ఇంకో మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీలో వేస్తారు. అందుకే కాగితం మీద ఒకటీ ఆదివారం ఒకటీగా బతికేవారు ఎందరో. మీ నోటుబుక్కులో "ఫలానా ఆయన, బాప్తిస్మం ఫలానా ఏడు" అని ఉంటే అది ఒకరి సర్టిఫికెట్‌కి, ఉద్యోగానికి ఎసరు పెట్టవచ్చు. అమెరికాలో కమిటీవారికి ఇది తెలిసే వీల్లేదు. ఫారంలో మీరే వివరంగా రాయాలి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. 'కందుకూరు నుంచి వచ్చిన నర్సు, భర్త ట్రక్కు నడుపుతాడు' అంటే డల్లాస్ తెలుగువాళ్ళు అయిదు నిమిషాల్లో కనిపెడతారు. ఊరూ, పనీ కూడా మార్చేయండి.

గంట తెలుగు ఇంటర్వ్యూ అక్షరాల్లో పెట్టడానికి నాకు ఆరు గంటలు పడుతుంది. యంత్రాలు మన ప్రకాశం యాసకి ఇంకా లొంగలేదు. ఆ ఆరు గంటల్లోనే సగం ఆలోచనలు వస్తాయి కనుక నేను ఎవరికీ అప్పగించను.

రికార్డర్ ఆపాక కూడా వెంటనే లేవకండి. ఆ ఆంటీ, పెన్ను కింద పెట్టిన ఆంటీయే, ఫోన్ సంచిలో వేసుకున్నాక టీ పోస్తూ అంది: "నిజం చెప్పాలంటే మొదటి ఆర్నెల్లూ నేను వాక్యం కోసం వెళ్ళలా. వారమంతా ఇంట్లో తెలుగు మాట విన్లా." ఇది వాడుకోవచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వాడుకో. కానీ ఆర్నెల్లు కాదు, మూడు నెలలని రాయి" అంది. ఆర్నెల్లనే రాస్తాను గానీ, మీరు మూడని రాయమన్నారని కూడా రాస్తానన్నాను. నవ్వి ఒప్పుకుంది.